పందొమ్మిది సాల్‌లు

పోయిన వారం పెంటప్పను మనం అతని గదిలోనే వదిలేసి వచ్చాం. లోపల గడియ పెట్టుకుని, మొహం మీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. సోలాపుర్ దాజీ పేటలో, చద్దర్ల మీద పువ్వులు నేయడానికి జకాట్ అట్టలకు చిల్లులు కొట్టే డిజైన్ మాస్తర్ ఇతను. నలభై మూడేళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. పద్దెనిమిదో ఏట లేచిన మొటిమలు మొహం నిండా గుంటలు చేసి పోయాయి. ఆ గుంటలు పూడ్పించుకుందామని స్టేషన్ దగ్గరి చర్మం డాక్టరమ్మ చేత గుట్టుగా మందు పూయించుకుంటున్నాడు. రెండోసారి పూత పడి అయిదు రోజులైంది. సంగతి తెలిసింది ఇంట్లో ఉండే అక్క మల్లమ్మ ఒక్కదానికే. ఎవరి కోసం అన్నది ఆమెకూ చెప్పలేదు. మనకు మాత్రం తెలుసు, గోదావరి కోసం. పందొమ్మిదేళ్ల కిందట పెళ్లిచూపులయ్యాక అతన్ని వద్దందని ఆ ఇంట్లో చెప్పుకునే గోదావరి. భీవండిలో కాపురం చేసి, మొగుడు పోయాక, నాలుగేళ్లుగా ఎదురింట్లో అన్న కిష్టయ్య దగ్గర బీడీలు చుట్టుకుంటున్న గోదావరి. ఆమే ఇప్పుడు వచ్చి తలుపు కొడుతోంది. అక్కడ ఆపినందుకు నన్ను తిట్టుకున్న వాళ్లకు ఇవాళ అంతా చెప్తాను.

మధ్యాహ్నం మూడున్నర. సందులో మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, అన్నీ ఒక్క తీరుగా మోగుతున్నాయి. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన వాళ్లకు మెల్లగా మాట్లాడడం రాదు. పెళ్లి కబురైనా చావు కబురైనా అరిచే చెప్పుకుంటారు. అరిచినా పక్కింటికి వినపడదు కాబట్టి ఎవరి గుట్టు వాళ్ల దగ్గరే ఉంటుంది.

"మాస్తర్! తలుపు తియ్యి! నేను, గోదావరిని!"

"ఒంట్ల బాగలేదు! రేపు రా!" అని లోపలి నుంచే అరిచాడు పెంటప్ప.

"రేపు నేనుండ! అయిదున్నర బండికి భీవండి పోతున్న! చెప్పిపోదామని వచ్చిన!"

పెంటప్ప లేచి నిలబడ్డాడు. తువ్వాలు మొహం మీంచి జారి కింద పడింది.

"ఎందుకు పోతున్నవ్?"

"మా మరిది ఖానావళ్ పెట్టిండు! సాంచాల పనోళ్లకు వంట చెయ్యాలంట! మా అన్న మాటిచ్చిండు!"

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

"ఇగ రాను!"

ఈ పెంటప్ప మీద నాకు ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. నాలుగేళ్లుగా ఆమె రోజూ పొద్దున్నే బీడీల గంప నెత్తిన పెట్టుకుని అతని గుమ్మం ముందు నుంచే పోతోంది. అప్పుడు పెదవి విప్పని మనిషి, ఇప్పుడు గడియ పడిన తలుపుకు నోరానించి గొంతు చించుకున్నాడు.

"పోవద్దు! నీ కోసమే మొఖం మీది తోలు ఊడగొట్టుకుంటున్న! ఇంక పదిహేడు సాల్‌లున్నయ్! అందాంక పోవద్దు గోదావరీ!"

మొదటి మాట సాంచాల మోతలోనే పోయింది. రెండో మాట సగంలో ఉండగా కరెంటు పోయింది. సందులో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మిగిలిన సగం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరిచినట్టు వినపడింది. ఎదురు అరుగు మీద బీడీలు చుట్టే యమునాబాయి చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "ఏ, గప్ బస్" అని కసిరారు.

గోదావరి తలుపుకు దగ్గరగా జరిగింది. తర్వాత మామూలు గొంతుతో, ఆ పేటలో ఎవరూ వాడని గొంతుతో, "గడియ తియ్యి మాస్తర్. ఇగ దాసుకునేటందుకు ఏముంది, పేటంత విన్నది" అంది.

తలుపు తెరుచుకుంది.

అతని నుదురూ చెంపలూ ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగాయి. తోలు పగిలి అంచులు పైకి లేచాయి. ఊడిన చోట లేత గులాబీ రంగు చర్మం కనపడుతోంది. గుంటలు పోయాయా అంటే పోలేదు. ఉన్న మాట చెప్పాలి కదా, లోతు కాస్త తగ్గిందంతే.

గోదావరి చెయ్యి తనంతట తానే లేచింది. అతని చెంప దగ్గరి దాకా వెళ్లి ఆగింది. వేళ్లకు తంబాకు పొడి ఉంది. పచ్చి చర్మానికి అది తగిలితే ఎంత మండుతుందో బీడీలు చుట్టే వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తుడుచుకున్నా మళ్లీ ఎత్తలేదు. మండినా సరే, ఆ చెయ్యి తగిలితే చాలని పెంటప్ప ప్రాణం కొట్టుకుపోయింది.

"ఏంది మాస్తర్ ఇది? కాలిందా?"

"కాలలే. మందు. డాక్టర్ బాయి దూదితోని పూస్తది. మొదలు మిరపకాయ నూరి పెట్టినట్టు మండుతది, మొఖమంత తెల్లగైతది. ఆమె పక్కన నర్సమ్మ అట్ట పట్టుకొని ఇసురుతది. మూడో దినం నల్లగైతది, అయిదో దినం నుంచి తోలు ఊడుతది. గీకొద్దంట, ఎండల పోవద్దంట. ఎండ తగిలితే నల్ల మచ్చలు పడి ఉండిపోతయంట."

"ఎన్నిసార్లు పూస్తరు?"

"నాలుగుసార్లు చాలన్నది. నేను పందొమ్మిది కావాలన్న."

"పందొమ్మిదా? గన్ని ఎందుకు?"

పెంటప్ప నేల చూపులు చూశాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. పేటంతా విన్నాక దాచడానికేముంది అని ఆమే అంది కదా.

"డెబ్భై మూడుల నిన్ను సూసేటందుకు వచ్చినం. కరువు వచ్చిన ఏడాది. అప్పటికెళ్లి ఇప్పటికి పందొమ్మిదేండ్లు. డాక్టర్ బాయి మొదటి దినమే చెప్పింది, 'ప్రత్యేక్ వేళీ ఏక్ సాల్ నిఘేల్' అని. ఒక్కో పూతకు ఒక్కో సాల్, ఒక ఏడాది, పోతదని. ఆమె కాడ గోడకు పెద్ద ఫోటో ఉన్నది, ఒకటే ఆడిమనిషి, సగం మొఖం ముసల్ది, సగం పడుచుది. పందొమ్మిది సాల్‌లు తీయించుకుంటే ఆ దినం కాడికి పోత అనుకున్న. రెండు పోయినయ్."

గోదావరికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"అయ్యో మాస్తర్! ఆమె అన్న సాల్ ఏడాది కాదయ్యా! తొక్క! కేళ్యాచీ సాల్ అనరా, అరటిపండు తొక్క! ఒక్కోసారికి ఒక పొర తోలు ఊడుతదని చెప్పింది ఆమె. సోలాపుర్ల పుట్టి పెరిగినవ్, మరాఠీ సదివినవ్, సాల్ అంటే నీకు తెల్వదా?"

"తెలుసు," అన్నాడు పెంటప్ప. "రోజు అరటిపండు తింట, తెల్వదా? ఆ దినం తెల్వలే. ఆమె సాల్ అనంగనే నాకు నువ్వే యాదికొచ్చినవ్."

గోదావరి నవ్వు అక్కడే ఆగిపోయింది.

నవ్వాలనుకునే వాళ్లు నవ్వండి, నేను వద్దనను. రాసేటప్పుడు నేనూ నవ్వాను. కానీ గ్రాఫు కాయితం మీద గడి గడీ లెక్కపెట్టి పువ్వు వేసే మనిషి, ఏళ్లను కూడా అలాగే ఒక్కొక్కటిగా వెనక్కి చెరిపేయొచ్చని నమ్మాడంటే, వాటిని ఎంత ఒంటరిగా గడిపి ఉండాలి?

"సరే, ఆ దినం కాడికి పోతివే అనుకో," అంది గోదావరి. "పోయి ఏం జేస్తవ్?"

"నీకు నచ్చేటట్టు కూసుంట."

"నచ్చలేదని ఎవరన్నరు?"

"నువ్వే అన్నవంట. మొఖమంత గుంటలు, గీ పిలగాడు నాకొద్దని."

గోదావరి గోడకు చేరబడింది.

"నేను నీ మొఖమే సూడలే, మాస్తర్."

"ఏంది?"

"సూడనియ్యలే. మా చిన్నమ్మ నా మెడ మీద చెయ్యి ఏసి వంచి పట్టుకున్నది, తల లేపితే సిగ్గులేని పిల్ల అంటరని. చాప కానొచ్చె. నీ చేతి ఏళ్లు కానొచ్చె. ఏళ్లకు ఎర్ర సిరా అంటి ఉండె. చాయ్ కప్పు పట్టుకుంటే వణుకుతుండె, కప్పు కింది బశిల ఒలికింది. గింత నెమ్మదస్తుడు కొట్టడు, తిట్టడు అనుకున్న. రాత్రి మా అమ్మ అడిగితే ఊ అన్న. వారానికి మీ ఇంటికెళ్లి కబురు వచ్చింది. బీడీలు చుట్టే పిల్ల మా పిలగానికి వద్దు, సదువుకున్న పిల్ల కావాలె అన్నడని."

"నేను అనలే! దేవుని మీద ఒట్టు, నేను గా మాట అనలే!"

"నా మొగడు మంచోడే. ఉన్న మాట జెప్తున్న, ఒక్కనాడు చెయ్యి లేపలే. గాని భీవండిల ఎవల ఏళ్లకన్న సిరా మరక సూస్తే ఆ పూట నాకు అన్నం పోకపోయేది. నాలుగేండ్ల కెళ్లి నీ గుమ్మం ముందు నుంచి పోతున్న. కోపానికి తల తిప్పి ఒక్కనాడు సూడలే. ఇయ్యాల గూడ చెప్పిపోదామని రాలే. ఎందుకు వద్దన్నవో అడిగిపోదామని వచ్చిన."

పెంటప్ప మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆమెకు నచ్చలేదని ఇతను, ఇతను వద్దన్నాడని ఆమె, నడుమ పాతిక అడుగుల సందు పెట్టుకుని ఇంతకాలం బతికారు. పెదవి కదిలితే పగిలిన తోలు చిట్లుతుందని కూడా మరిచిపోయి అడిగాడు.

"మరి కబురు తెచ్చింది ఎవరు?"

గోదావరి తల తిప్పింది. వంటింటి వైపు చూసింది. అక్కడ ఇంతసేపూ బీడీ ఆకులు కత్తిరిస్తున్న చప్పుడు వస్తూనే ఉంది. ఇప్పుడు రావడం లేదు.

మల్లమ్మ గడప దాకా వచ్చింది. యాభై అయిదేళ్ల మనిషి. తల్లి పోతే తమ్ముణ్ణి పెంచిన మనిషి. పుట్టిన పిల్లలు నిలవడం లేదని తల్లి వీడికి పెంటప్ప అని పేరు పెడితే, ఆ పేరు పట్టుకుని బడిలో ఏడిపించిన వాళ్ల ఇళ్ల మీదికి పోయి తగువాడిన మనిషి.

"నేనే," అంది.

"అక్కా!"

"గప్పటికి మీ బావ సచ్చి ఆరు నెలలు. కడుపు పండలే. అత్తోళ్లు ఎల్లగొట్టిరి. ఈ ఇంట్ల నా బీడీల చాట ఒక్కటి పెట్టుకునే జాగ ఉండె. ఈ పిల్ల గడప తొక్కితే ఆ జాగ గూడ పోతదని బుగులైంది పెంటా. వాళ్లకో మాట చెప్పిన, నీకో మాట చెప్పిన. తర్వాత చెప్పుదాం, తర్వాత చెప్పుదాం అనుకున్న. ఈ పిల్ల పెండ్లైపోయె. ఇగ ఏం చెప్పాలె?"

మల్లమ్మ గడప మీదే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. పెంటప్ప కోప్పడదామనుకున్నాడు. కోపం రాలేదు. తనకు జ్వరం వస్తే పక్కన కూర్చుని నుదుటి మీద తడి గుడ్డ మార్చిన చేతులే అతనికి కనపడ్డాయి. ఒక్క మాట మాత్రం అడగకుండా ఉండలేకపోయాడు.

"నా మొఖం సంగతి ఎందుకు తెచ్చినవ్ అక్కా? జాతకం కలవలేదనో, కట్నం కుదరలేదనో చెప్పకపోయినవా?"

మల్లమ్మ ముక్కు చీదుకుని, తల ఎత్తకుండా చెప్పింది. "గవి చెప్తే నువ్వు మళ్ల అడుగుతవ్. మొఖం అంటే ఇగ ఎవలనూ అడగవని."

నిజమే. ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత వచ్చిన రెండు సంబంధాలకూ అతను చూడడానికే పోలేదు. ఆ ఒక్క మాట నమ్మి, అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకోవడం కూడా మానేశాడు. సందు చివర మంగలి దగ్గర కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

బయట ఆటో ఆగింది. "గోదావరీ! ఎక్కడున్నవే? మరిది వచ్చిండు, జల్దీ రా!" అని కిష్టయ్య పిలుపు.

గోదావరి పెంటప్ప వైపు చూసింది. ఏదైనా అంటాడేమోనని చూసిందని నాకు తెలుసు, మీకు తెలుసు. అతను మంచం మీదే ఉన్నాడు. ఆమె బయటికి వెళ్లిపోయింది.

గుమ్మం అవతల ఫిబ్రవరి ఎండ తెల్లగా పడి ఉంది. ఇంకా ఎనిమిది రోజులు ఎండ మొహం చూడొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. కొత్త తోలు పసిపిల్ల తోలు లాంటిదట. ఇప్పుడు మాడితే రెండు పూతలూ వృథా, మొహం ముందుకంటే అన్యాయం. పెంటప్ప కింద పడిన తువ్వాలు తీశాడు. కప్పుకుందామా అనుకున్నాడు. మొహం దాచుకుని పోయి అడిగేదేముంది అనిపించి మంచం మీద పడేశాడు.

"ఎండల పోకు పెంటా! నల్లగైతవ్!" అని వెనక నుంచి మల్లమ్మ కేక.

అతను గడప దాటాడు. పచ్చి చర్మానికి ఎండ సూదుల్లా తగిలింది. కరెంటు లేక సాంచాలు వదిలి బయటికి వచ్చిన వాళ్లంతా అరుగుల మీద కూర్చుని ఉన్నారు. అతని మొహం చూసి "అగ్గగ్గో" అంది యమునాబాయి. ఇంతకాలం జనం మధ్య నడవాలంటే తల వంచుకునే మనిషి, కళ్లలో నీళ్లు కారుతున్నా మొహం తుడుచుకోకుండా ఆటో దాకా నడిచాడు. భీవండి మరిది గోదావరి సామాన్ల మూట వెనక సీట్లో పెడుతున్నాడు. పెంటప్ప కిష్టయ్య ముందు నిలబడ్డాడు.

"కిష్టన్నా, గోదావరిని పంపకు. నాకు ఇయ్యి. నేను చేసుకుంట."

కిష్టయ్య నోరు తెరిచి చూశాడు. ముందు ఆశ్చర్యం, తర్వాత కోపం వచ్చాయి అతనికి.

"ఏం తమాష మాస్తర్ ఇది? మొన్న బేస్తారం నాడు నేనే కబురు పంపితి గద నీకు! నా చెల్లెను చేసుకుంటవా, భీవండికి పంపబుద్ధి అయితలేదు అని. నీకు ఒంట్ల బాగలేదని మీ అక్క వాకిట్లనే నిలబెట్టింది మా ఆమెను. లోపలికి పోయి వచ్చి చెప్పింది, మా తమ్మునికి పెండ్లి ఇష్టం లేదంటున్నడని. గా జవాబు వచ్చినంకనే మరిదికి మాటిచ్చిన!"

బేస్తారం. మొన్నటి గురువారం. మొహం ఉబ్బి, కళ్లు తెరుచుకోక, లోపలి గదిలో పడి ఉన్న రోజు. ఆ రోజు మల్లమ్మ గదిలోకి వచ్చిన మాట నిజమే. మంచినీళ్లు తాగుతావా అని అడిగి వెళ్లింది.

పెంటప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఇందాక గడప మీద కూలబడి పాత తప్పు ఒప్పుకుని ఏడ్చిన అక్క అక్కడ లేదు. తలుపు మూసి ఉంది.

"అయ్యిందేదో అయ్యింది," అన్నాడు కిష్టయ్య. "ఇగ నేను మాట తప్పలేను. గోదావరీ, ఎక్కు."

గోదావరి ఆటోలో ఒక కాలు పెట్టి ఉంది. ఆ కాలు తీసి నేల మీద పెట్టింది.

"అన్నా, మొన్న మాస్తర్‌ను అడిగిపిచ్చినవ్. మరిదిని అడిగినవ్. నన్నడిగినవా?"

కిష్టయ్య ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు. పెంటప్ప వైపు తిరిగింది.

"నువ్వన్నా అడిగినవా? మా అన్నతోని 'నాకు ఇయ్యి' అంటున్నవ్. నేను ఇచ్చిపుచ్చుకునే చద్దర్‌నా? డెబ్భై మూడుల గూడ గిట్లనే, అందరు నా తల మీదికెళ్లి మాట్లాడుకున్నరు. అడిగేదుంటే నన్నడుగు. ఈడ, అందరి ముందట."

పెంటప్ప చెంపలు మండుతున్నాయి. ఎక్కడో తోలు చిట్లి సన్నగా రక్తం వచ్చింది.

"గోదావరీ," అన్నాడు. "నన్ను చేసుకుంటవా?"

పందొమ్మిదేళ్లుగా గొంతులో ఉన్న మాట బయటికి వచ్చాక ఇక అతని దగ్గర దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

గోదావరి ఆటోలోంచి తన మూట దించుకుంది. "బండికి నువ్వు పో మరిదీ. నేను రాను" అంది. తర్వాత పెంటప్పతో, "నీకు జవాబు ఇయ్యాల చెప్ప. ఇన్నేండ్లు నేను ఆగలేదా? నువ్వు రేపటి దాంక ఆగు. ముందు నీడకు పో" అంది.

మూట చంకన పెట్టుకుని ఆమె అన్న ఇంటి వైపు పోలేదు. సందు దాటి పెంటప్ప ఇంటి మెట్లెక్కింది. మూసి ఉన్న తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది.

"తలుపు తియ్యి మల్లక్కా. నీతోనే పనున్నది."